తీయనా అన్నా?

నంద్యాలలో మా విత్తనాల కంపెనీకి నెట్‌వర్క్ చూసేది నేనే. ఇప్పుడు వైర్లు లాగే పని లేదు, చేతికి దుమ్ము అంటుకోదు. మా లెక్కలూ జాబితాలూ అన్నీ క్లౌడ్‌లోకి, అంటే ఎక్కడో అద్దె సర్వర్లలోకి పోయాయి. అక్కడ మా వాళ్లు తప్ప ఇంకెవరూ రాకుండా ఒక ప్రైవేట్ నెట్‌వర్క్ కట్టాను. నంద్యాల ఆఫీసుకో దారి, ఆళ్లగడ్డ గోడౌన్‌కో దారి. కుర్చీలోంచి లేవకుండానే దారి వేస్తాను, మూసేస్తాను. గొప్పే. అయినా నాకు ఆ పాత కేబుల్ రోజులే ఇష్టం, దాచుకోవడం ఎందుకు?

అప్పట్లో కేబుల్ చుట్ట భుజాన వేసుకుని బస్సులో ఆళ్లగడ్డ పోయేవాణ్ణి. గోడౌన్ ఇన్‌ఛార్జి నాకంటే చాలా పెద్దాయన, అన్నా అని పిలిచేవాణ్ణి. శనగ బస్తాల వెనక ఆయనొక కొస, ఆఫీసు గదిలో నేనొక కొస. ఏ వైరు పీకాలన్నా ముందు "తీయనా?" అని అరవాలి. అవతలి నుంచి "తీయప్పా" అని వినపడేదాకా చెయ్యి కదలకూడదు. అది ఆయన పెట్టిన పద్ధతి. ఒకసారి తొందరపడి అడక్కుండా పీకితే మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. తర్వాత తన క్యారియర్‌లోని సంగటి ముద్ద సగం తుంచి నా ముందు పెట్టాడు.

క్లౌడ్‌కి మారాక ఆ అరుపులు పోయాయి. రెండేళ్ల కింద శనగ విత్తే రోజుల్లో, వాన పడిన మర్నాడు పొద్దున, పనికిరాని పాతదనుకుని ఒక దారి తీసేశాను. అది ఆళ్లగడ్డదే. వెంటనే అన్న ఫోన్ చేశాడు.

"ఏందప్పా, అడక్కుండానే తీసేస్తివా? కంప్యూటర్లో రైతు పేరు కనపడకుంటే బస్తా ఇచ్చేకి లేదు. ఈడ రైతులు నిలబడుకోనుండారు. నేలలో పదును ఆరిపోతాంది!"

దారి తిరిగి వేసేసరికి చెమటకు చొక్కా తడిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటినుంచి ఏది మూయాలన్నా ముందు ఆయనకు ఫోన్ చేసేవాణ్ణి. ఆఫీసులో అందరూ నవ్వేవాళ్లు. నవ్వుకోనీ అనుకున్నాను.

నిన్న ఆయన రిటైరయ్యాడు. మానేసినవాళ్ల లాగిన్ ఐడీ మర్నాడే తీసేయాలని మా రూలు. ఆ రూలు రాసింది నేనే. పొద్దున స్క్రీన్ మీద ఆయన పేరు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఫోన్ చేశాను.

"అన్నా, నీ ఐడీ… తీయనా?"



"ఇంగ నాకెందుకప్పా అది," అన్నాడు. "తీయప్పా."

ఇన్నేళ్లూ ఆ మాట వినపడగానే నా చెయ్యి కదిలేది. ఈసారి కదల్లేదు.