కత్తెర జీతం

చెల్లెలు పదకొండో తరగతిలో అకౌంట్స్ తీసుకున్న రోజే ఆ కుట్టు దుకాణంలో ఫ్యాను మొహం తిప్పేసింది. అంతవరకూ అక్క మిషను వైపు ఉండేది, ఇప్పుడు మూల బల్ల మీదున్న చెల్లెలి పుస్తకాల వైపు. "పిల్ల చదువుకుంటోంది, కాస్త ఉక్క ఓర్చుకో," అన్నాడు నాన్న. అక్కకు లోపల భగ్గుమంది.

ఆమెను అందరూ కత్తెర అంటారు. గుడ్డను ఎంత సూటిగా కోస్తుందో మాటనూ అంతే సూటిగా కోస్తుందని. నాన్నకు చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేకపోయిన ఏడు, పదో తరగతి పాసైన కూతుర్ని మిషను ముందు కూర్చోబెట్టాడు. కొన్నాళ్ళే అన్నాడు. ఆ కొన్నాళ్ళు ఇంకా గడవలేదు. చెల్లెలి యూనిఫాం కూడా ఆమే కుడుతుంది. ఎవరూ లేనప్పుడు ఒకసారి దాన్ని తన భుజాలకు ఆనించి చూసుకుని, వెంటనే మడతపెట్టేసింది.

చెల్లెలు పైకే చదివేది. "గొంతు తగ్గించవే, కుట్టు వంకరపోతోంది," అని కసిరేది కత్తెర. కానీ ఒక్క ముక్క వదిలేది కాదు. పెడల్ తొక్కుతూ తనూ పెదాలు కదిపేది. సాయంత్రం బడిలో చేరతానని ఓసారి అడిగింది కూడా. "దుకాణం మన తిండికే చాలడం లేదు, ఫీజెక్కడ తేను?" అన్నాడు నాన్న.

తర్వాత కొన్నాళ్ళకు, నిజమైన దుకాణం ఒకదాని ఏడాది లెక్కలు రాసుకురమ్మన్నాడు అకౌంట్స్ మాస్టారు. చెల్లెలు తమ దుకాణం లెక్కలే రాసింది.

"మనం లాభంలో ఉన్నాం నాన్నా. బాగానే."

నాన్న ముఖం చేటంత అయింది. "చూశావా తాతా, నా చిన్నది," అన్నాడు, మూల కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టే ముసలాయనతో.

కత్తెర మిషను ఆపి లేచింది. ఒక్క తప్పు దొరికినా చాలనుకుని చెల్లెలి భుజం మీంచి తొంగిచూసింది. అద్దె ఉంది. దారాలున్నాయి. కరెంటుంది. కాజాల తాత కూలీ ఉంది.

"నేనెక్కడే?"

"నువ్వు ఇంటిమనిషివి కదక్కా."

"ఇవ్వకపోయినా, ఇవ్వాల్సిన జీతం ఖర్చేనని మొన్న గొంతు చించుకున్నావుగా."

చెల్లెలు పెన్ను మూత కొరికింది. "అది రాస్తే లాభం ఎగిరిపోతుంది. ఫస్టు మార్కు నాకే వస్తుందనుకున్నా. నీకు కుళ్ళు."

"ఉంది. బోలెడుంది. రాయి."

నాన్న నవ్వేయబోయాడు. "కన్నకూతురికి జీతమేమిటే? వింటే నలుగురూ నవ్విపోతారు."

"అయితే రేపట్నుంచి ఇంటిమనిషిలాగే ఇంట్లో కూర్చుంటా. మిషను నువ్వే తొక్కుకో."

కాజాల తాత తలెత్తకుండానే, "ఆ పని నా నెత్తిన మాత్రం వేయకండి, నేను కాజాల వరకే," అన్నాడు.

నాన్న బల్ల మీద గుట్టగా పడివున్న గుడ్డల వంక చూశాడు. పండగ ముందు రోజులు. ఇలాంటి దుకాణాలు వీధివీధినా ఉన్నాయి. లాభమని చెప్పుకునేది ఇంటి ఆడపిల్ల ఒళ్ళు హూనం చేసుకున్న కూలీయేనని ఒప్పుకోవడానికి ఎవరికీ నోరు పెగలదు. ఆయన ఒక గుడ్డ తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మళ్ళీ గుట్ట మీదే పెట్టేశాడు.

"రాయవే," అన్నాడు చివరికి.

చెల్లెలు పెన్సిల్ అందుకుంది.

"పెన్నుతో," అంది కత్తెర.

కొట్టివేతలున్నాయని మాస్టారు మార్కులు తగ్గించాడు. చెల్లెలు వారం రోజులు అక్కతో మాట్లాడలేదు. కత్తెర మాత్రం ఆ లెక్క ప్రకారం నాన్న చేతిలో పెట్టిన మొదటి జీతంతో సాయంత్రం బడిలో ఫీజు కట్టింది.

ఇప్పుడు మూల బల్లకు ఇద్దరూ చెరోవైపు కూర్చుంటారు. డెబిట్ ఎటో క్రెడిట్ ఎటో కత్తెర ఇంకా తడబడుతూనే ఉంటుంది. చెల్లెలు పుస్తకంలోంచి తలెత్తకుండానే చెప్పేస్తుంది. అప్పుడు అక్కకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది. పుస్తకం మాత్రం మూయదు. లేచి, ఫ్యాను తనవైపు తిప్పుకుంటుంది.