గోడ మీద బొగ్గు గీతలు

బాన్సువాడకు రెండు మైళ్ల దూరంలో, కాలువ పక్కన కోస్తా రైతులు వచ్చి స్థిరపడిన క్యాంపులో ఎవరికి ఏ జబ్బు చేసినా డాక్టరు కంటే ముందు వెంకటరత్నమ్మకు తెలిసేది. తెనాలి వైపు నుంచి వచ్చి పాతికేళ్లయినా, సలహా ఇవ్వకుండా ఆవిడ ఒక్క గడపా దిగలేదు. పంటినొప్పికి లవంగం, పురిటినొప్పికి ధైర్యం, మోకాలినొప్పికి ఆముదం. ఎదుటివాళ్లు అడిగారా లేదా అన్న పట్టింపు లేదు.

అలాంటి మనిషి, కుడి రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలితే నాలుగు నెలలు నోరు విప్పలేదు. 1978 వేసవిలో చివరికి భర్త సాంబమూర్తికి చెప్పింది. ఆయన హైదరాబాదు తీసుకెళ్లి, పెద్దాసుపత్రిలో డాక్టరు ముందు చేతులు కట్టుకుని, "మా ఆవిడకి కాస్త పైన బాగోలేదండి" అన్నాడు. డాక్టరు ఆవిడ తల పరీక్షించబోయాడు.

ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. గాయం మానాక ఇరవై అయిదు రోజులు రేడియేషన్, అందరూ అనే మాటలో కరెంటు, పెట్టాలని, ఈలోగా చెయ్యి మెల్లగా కదుపుతూ ఉండాలని చెప్పి పంపారు. ఆ రెండో మాట సాంబమూర్తి చెవిన పడలేదు. ఆయనకు బస్సు టైమైంది.

ఇల్లు చేరిన మర్నాటి నుంచి పరామర్శలు. ఎదురింటి రామబ్రహ్మం అరడజను బత్తాయిలు తెచ్చి, ఒక్కొక్కటే తనే ఒలుచుకు తింటూ, ఇదే జబ్బుతో పోయిన ముగ్గురి కథలు తారీఖులతో సహా చెప్పాడు. "మీరేం భయపడకండి వదినగారూ, చివరి మూడు నెలలే కష్టం" అని ఓదార్చి లేచాడు. తోటికోడలు శాంతకుమారి, చెయ్యి కదిలితే కుట్లు ఊడతాయని తువ్వాలు చుట్టి దాన్ని ఒంటికి కట్టేసింది. మూడోరోజు కాఫీ విడిగా ఒక సత్తు గ్లాసులో తెచ్చింది.

"అంటుకుంటుందంటున్నారక్కా. పిల్లలున్న ఇల్లు గదా."

ఆ గ్లాసును వెంకటరత్నమ్మ గుర్తుపట్టింది. నాట్లకొచ్చే తండా ఆడవాళ్ల కోసమని అరుగు చివర తానే బోర్లించి ఉంచిన గ్లాసు అది. కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే నాట్ల సంగతి మాట్లాడడానికి జమునాబాయి వచ్చింది. పదేళ్లుగా ఆవిడ పొలంలో నాట్లు వేస్తున్న తండా మనిషి.

"ఏందమ్మా, చెయ్యి గట్ల కట్టేసిండ్రు? ఇర్గిందా?"

"ఆపరేషనైందే" అని వెంకటరత్నమ్మ గొంతు తగ్గించి, ఎక్కడో కళ్లతో చూపించింది.

జమునాబాయి తలుపు దగ్గరగా వేసి, తన రవికె ఒక పక్కకు తొలగించింది. ఎడమవైపు చదునుగా, మానిన కోత.

"నాది నిరుడు ఎండకాలం తీసిండ్రు. గా పట్నం దవాఖానలనే."

"నిరుడా? నిరుడు వానాకాలం మా పొలంలో నాట్లేశావు గదే!"

"ఏసిన. వరుస వంకర పోతున్నదని మీరు గట్టు మీదికెల్లి తిట్టిండ్రు గూడ."

వెంకటరత్నమ్మ తన పక్కనున్న పీట జమునాబాయి వైపు జరిపింది. క్యాంపు పుట్టాక అది మొదటిసారి.

జమునాబాయి తువ్వాలు విప్పి పారేసింది. "కట్టేస్తే చెయ్యి బిగుస్కపోతది. గోడకు నిలబడి వేళ్లతోని చీమ లెక్క ఎక్కియ్యాలె. ఏడికి అందితే ఆడ బొగ్గుతోని గీత గియ్యి. రేపు గా గీత దాటాలె. నొస్తది. ఏడ్వు, గని ఎక్కు."

మాటల మధ్యలో ఎప్పుడో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఇద్దరిలో ఒక్కరూ పట్టించుకోలేదు.

"కరెంటు పెట్టే కాడ సిరాతోని గీతలు గీస్తరు. కడుక్కోకు, సబ్బు రుద్దకు. గా చెయ్యితోని బిందెలు ఎత్తకు. రవికెల దూది పెట్టుకుంటే పైకి తేలుతది. సజ్జలు మూటగట్టి కుట్టుకో, బరువుంటది. వానల తడిస్తే మాత్రం మార్చాలె, మొలకలొస్తయ్."

వెంకటరత్నమ్మ పకపకా నవ్వింది. కుట్లు లాగేసరికి ఏడ్చింది.

"భయం పోతుందా జమునా?"

"నాకైతే పోలే. పరీక్షకు పోయినప్పుడల్లా రెండు బస్సులు ఇడిసిపెట్టి మూడోది ఎక్కుత. అయినా పోతున్న."

మొదటి గీత భుజం దాకా కూడా రాలేదు. సున్నం గోడ పాడైపోతోందని శాంతకుమారి సణిగింది. గీతలు మాత్రం ఆగలేదు. కరెంటు పెట్టించుకుని, చర్మం కమిలి, ఒంట్లో సత్తువ లేకుండా తిరిగొచ్చిన వెంకటరత్నమ్మ మళ్లీ గోడ దగ్గరే నిలబడింది. వరి కోతల నాటికి తన జడ తనే వేసుకుంది. అదంతా తానిచ్చిన ధైర్యమేనని రామబ్రహ్మం బాన్సువాడ బజారంతా చెప్పుకున్నాడు.

ఆరేళ్ల తర్వాత, కోటగిరిలో గంగమణి అనే ఆమెకు ఇదే ఆపరేషన్ అయిందని తెలిసి ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. వెంకటరత్నమ్మ కూర్చుంటూనే గోడ దగ్గర మొదలుపెట్టి సజ్జల దాకా గుక్క తిప్పుకోకుండా వచ్చేసింది. గంగమణి బిత్తరపోయి చూస్తోంది. జమునాబాయి వెంకటరత్నమ్మ మోకాలు గిల్లింది.

"జర ఆగు. గామెను గూడ మాట్లాడనియ్యి."

వెంకటరత్నమ్మ ఆగింది. గంగమణి కాస్త ముందుకు జరిగింది.

"అక్కా, ఏ పక్కకు పండుకోవాలె? ఎటు తిరిగినా నొస్తున్నది."

ఆ సంగతి ఏ డాక్టరూ చెప్పడు. వెంకటరత్నమ్మ లేచి, పాత చీర మడత పెట్టి, కోత లేని పక్కకు ఒరిగి పడుకుని, దాన్ని చంక కింద ఎలా పెట్టుకోవాలో తన చంక కిందే పెట్టి చూపించింది.