పెంచలయ్య బొడ్డు ఆపరేషన్

దయ్యాలంటే నేను నవ్వేవాణ్ణి. చీకటితోనే సముద్రం మీదికి పోయేవాడికి ఆ భయాలుంటే ఇంట్లో పొయ్యి రాజుకోదు. ఇప్పటికీ ఉన్నాయని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది మైపాడు. మా పెద్దవాడికి పుట్టుకతోనే బొడ్డు నిమ్మకాయంత ఉబ్బి ఉండేది. ఏడిస్తే ఇంకా పొంగేది. దాని మీద రాగి కాణీ పెట్టి బిగించి కడితే లోపలికి పోతుందని మావాళ్ల నమ్మకం. గుడ్డ జారిపోతోందని నేనే వల దారంతో కట్టాను. వాడికి రెండేళ్లప్పుడు ఆ ఉబ్బు రాయిలా గట్టిపడి నల్లబడింది. పసరు కక్కుకున్నాడు. నెల్లూరికి బండి కట్టాం. దారిలోనే పోయాడు. ఆ దారంతోనే ఇసుకలో పూడ్చి వచ్చాం.

ఇక అక్కడ ఉండలేక దొరవారిసత్రం పక్కన మా ఆవిడ మస్తానమ్మ పుట్టినూరికి వెళ్లిపోయాం. పెద్దవాడి ఊసెత్తితే ఆమె అన్నం ముట్టేది కాదు. అందుకని ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

రెండోవాడు పెంచలయ్య. మా ఖర్మ, వాడికీ అదే బొడ్డు. ఈసారి కాణీ జోలికి పోలేదు. నాలుగో ఏట వాడిదీ గట్టిపడింది. రైలెక్కి నెల్లూరు ఆసుపత్రికి పరుగెత్తాం. బొడ్డు దగ్గర పొట్ట గోడ పుట్టుకతోనే మూసుకోలేదనీ, ఆ సందులో పేగు ఇరుక్కుందనీ డాక్టరు గారు చెప్పారు.

"పేగు కుళ్లిందో లేదో కోస్తేగానీ తెలియదు" అన్నారు.

వరండాలో నేను మొక్కని దేవుడు లేడు. పేగు బాగానే ఉందట. లోపలికి తోసి, సందు మూసి కుట్టేశారు. బిడ్డ దక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం, మత్తంతా వదిలాక, వాడు మంచం పక్కకి చూశాడు.

"నాయనా, అన్న యాడికి పోయినాడు?"

"ఏ అన్నరా?"

"కోసేటప్పుడు నా పక్కన పండుకోనుండె గదా. పొట్టకి వల దారం కట్టుకోనుండాడు."

మస్తానమ్మ నా ముఖం చూసింది, నేను గానీ చెప్పానేమోనని. అడ్డంగా తలూపాను. మత్తుమందుకి పిల్లలు ఏదో ఒకటి అంటారని సరిపెట్టుకునేవాణ్ణే, వాడు అక్కడితో ఆగి ఉంటే.

"అన్నకింకా నొప్పి పోలేదంట నాయనా. ఆణ్ణి గూడా డాక్టరు కాడికి తీసుకురమ్మని అన్నే చెప్పినాడు."

మస్తానమ్మ లేచి నిలబడింది. "పోయి తీసుకురాయ్యా. నొప్పంటన్నాడు గదా బిడ్డ" అంది.

ఆ దారం సంగతి పెంచలయ్యకి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.