మా తాత విప్పకుండా వదిలేసిన వస్తువు

మా తాత దృష్టిలో కొత్త వస్తువంటే ఇంకా విప్పని వస్తువు. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేయడం ఆయన పని. వీధి చివర చిన్న కొట్టుంది. చక్కగా పనిచేసేవాటిని విప్పడం ఆయన సరదా. దానికి కొట్టు అక్కర్లేదు, మా ఇల్లే చాలు. మావయ్య గోడగడియారం కొనుక్కొస్తే అది గోడ ఎక్కకముందే బల్లమీద పళ్లచక్రాలై పరుచుకుంది. తాత చొక్కా జేబు తడిమితే ఎప్పుడూ నాలుగు స్క్రూలు తగులుతాయి. ఎందులోవి తాతా అంటే, "కంపెనీవాళ్లు ఎక్కువే బిగిస్తార్లే" అంటాడు.

ఉన్న మాట చెప్పుకోవాలి. విప్పినవాటిలో చాలావాటిని మళ్లీ బిగించాడు. బిగించినవాటిలో చాలావరకు పనిచేశాయి కూడా. ఆ మధ్యలో జారిపోయిన సామాను జాబితా మాత్రం అమ్మమ్మకి కంఠస్థం.

అమ్మమ్మ ముందుగదిలో కూర్చుని బట్టలు కుడుతుంది. ఎవరికి ఎలాంటి గౌను కావాలో బొమ్మలు ఫోనులోకే వస్తాయి. కొలతలు రాసుకునే అలవాటు లేదు, ఫోనులోకి తన గొంతుతో చెప్పి దాచుకుంటుంది. పాత ఫోను ఎలా పోయిందంటే, "కాస్త వేడెక్కుతోందే" అని ఆమె పైకి అంది, తాత విన్నాడు. అంతే. ఫోనుతోపాటు సగం వీధి కొలతలు గంగలో కలిశాయి. పాపం అమ్మమ్మ టేపు మెళ్లో వేసుకుని మళ్లీ గడపగడపా ఎక్కింది. ఒకావిడైతే, "లావయ్యానని ఒకసారి చెప్పావుగా, మళ్లీ చెప్పించుకోవాలా?" అని గుమ్మంలోంచే సాగనంపింది.

అందుకని కొత్త ఫోను కొనడానికి నలుగురం కలిసే వెళ్లాం. డబ్బు కట్టేముందు కౌంటర్లో అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. కంపెనీ వారంటీ పొడిగించుకుంటారా, సిమ్ కంపెనీవాళ్ల ఇన్సూరెన్స్ తీసుకుంటారా?

"నీకు తెలిసినట్టు కాదు తల్లీ, నాకు తెలిసేట్టు చెప్పు," అంది అమ్మమ్మ.

"ఫోను దానంతట అది చెడిపోతే వారంటీ పనికొస్తుందండీ. మొదటి ఏడాది ఊరికే వస్తుంది, కొంచెం కడితే రెండో ఏడాది కూడా ఇస్తారు. ఇన్సూరెన్స్ అయితే చేతిలోంచి జారి పగిలినా, నీళ్లలో పడినా, ఎవరైనా ఎత్తుకుపోయినా వర్తిస్తుంది. అది నెలనెలా బిల్లుతో కట్టాలి. పగిలినప్పుడు ఖర్చులో కొంత మీరూ పెట్టుకోవాలి."

"ఇన్సూరెన్సే తీసుకోమ్మా," అన్నాడు మావయ్య. "ఫోన్లు పుట్టిందే పగలడానికి."

"నీ ఫోన్లు పుట్టాయిరా. బండి నడుపుతూ ఒళ్లో పెట్టుకుంటే పగలక పండుతాయా? నేను కూర్చున్నచోటు నుంచి కదలను, నా ఫోనూ కదలదు." అమ్మమ్మ కౌంటర్ మీదకి వంగి గొంతు తగ్గించింది. "అది కాదు తల్లీ, మొగుడు విప్పితే వీటిలో ఏది వర్తిస్తుంది?"

ఆ అమ్మాయి నవ్వింది. మేమెవరం నవ్వకపోయేసరికి సర్దుకుంది. "బయటివాళ్లు విప్పితే రెండూ చెల్లవండీ. లోపల సీలుంటుంది. అది చిరిగితే ఇక అంతే."

తాతకి పౌరుషం వచ్చింది. "నేను బయటివాణ్ణా?"

"కంపెనీకి బయటివాళ్లేనండీ."

అమ్మమ్మ ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడోగాని చూడను. ఇన్నేళ్లూ తన మాట వినని మనిషిని కట్టేసే మాట ఒకటి అంగట్లో అమ్ముతున్నారని ఆమెకి అప్పుడే తెలిసింది. "పడకుండా, తడవకుండా నేను చూసుకోగలను. దానంతట అది పాడైతేనే నేనేం చేయలేను. వారంటీయే రాయి తల్లీ, రెండేళ్లకి." తర్వాత తాత వైపు తిరిగింది. "విన్నారుగా? ఆ సీలు చిరిగిందో, ఈసారి టేపు మీ మెళ్లో వేసి ఇంటింటికీ కొలతలకి పంపిస్తా."

తాత అంతమందిలో తలూపాడు.

ఎండలు పోయి వానలు పట్టేదాకా ఆ తల ఊపు నిలబడింది. అప్పుడు ఫోనులో మోత మొదలైంది. అవతలివాళ్ల మాట వెనకాల ఈగలు ముసిరినట్టు ఒకటే రొద. నడుం కొలత చెబుతుంటే చేతుల కొలతలా వినపడి ఒక గౌను చెడింది. తాత చెవిన పడకూడదని అమ్మమ్మ పెరట్లోకి వెళ్లి మాట్లాడేది. ఆయన చెవి సంగతి ఆమెకి తెలియంది కాదు. పక్కింటి ఫ్యాను గొంతు మారినా భోజనం మధ్యలో లేచే చెవి అది.

ఒక మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీస్తుంటే తాత ఫోనుని తుండుగుడ్డ మీద పడుకోబెట్టి, పక్కన పనిముట్లు వరసగా పేర్చుకున్నాడు.

"ఏం చేస్తున్నావు తాతా?"

"చూస్తున్నా."

"స్క్రూడ్రైవరుతో చూస్తారా?"

"నోర్ముయ్. ఆవిడ లేస్తుంది." ఫోను చెవికి ఆనించుకున్నాడు. "ఇదిగో, ఇక్కడే ఉంది రోగం. పది నిమిషాల పని."

"పాత ఫోనుకీ పది నిమిషాలే అన్నావు."

నావైపు గుర్రుగా చూశాడు. స్క్రూడ్రైవరు వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పాడు. అమ్మమ్మ గదివైపు చూశాడు. చివరికి పనిముట్లన్నీ ఒక్కొక్కటే సంచిలో పెట్టి, "చెప్పులేసుకో," అన్నాడు.

కంపెనీ సర్వీసు సెంటరు ఆస్పత్రిలా ఉంది. చీటీ తీసుకుని కూర్చోవాలి. బల్ల దగ్గర కుర్రాడు ఫోను తీసుకుని అద్దాల గదిలోకి పంపాడు. కాసేపటికి, "సీలు చెక్కుచెదరలేదండీ, మంచిది," అన్నాడు. చేయని పనికి తాతని మెచ్చుకోవడం అదే మొదలు. ఆయన వెళ్లి అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. ఊపిరికి అద్దం మసకబారితే చేత్తో తుడుచుకుని మళ్లీ చూశాడు. లోపలివాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు.

ఫోను బాగై వచ్చింది. గొంతు కడిగినట్టుంది.

"ఏం పోయింది బాబూ దీంట్లో?"

"పార్టు మార్చామండీ."

"అది సరే. ఆ పార్టు ఎందుకు పోయింది?"

"అవన్నీ మేం చూడమండీ. మార్చమని వస్తే మారుస్తాం."

"పోనీ తీసింది ఇవ్వు, నేను చూసుకుంటా."

"వారంటీలో మారిస్తే పాతది కంపెనీదండీ. వాళ్లకి పంపేయాలి."

తాత తన కొట్టులో ఏది మార్చినా పాతది కాగితంలో చుట్టి మనిషి చేతిలో పెడతాడు. ఎక్కడ కాలిందో, ఎందుకు అరిగిందో వేలు పెట్టి చూపిస్తాడు. వాళ్లకి వినే ఓపిక ఉందా లేదా అన్నది ఆయనకి పట్టదు. అలాంటి మనిషి ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడు.

అమ్మమ్మ ఫోను చెవిన పెట్టుకుని ఎవరితోనో హాయిగా మాట్లాడింది. పెట్టేశాక, "ఏమైందట దీనికి?" అంది.

"తెలీదు," అన్నాడు తాత.

పక్కన బొత్తాలు కుడుతున్న నేను సూది కింద పడేసుకున్నాను. వానెప్పుడొస్తుందన్నా, పక్కింటి సంబంధం ఎందుకు తప్పిందన్నా తెలీదనడం ఎరగని మనిషి. అలాంటిది యంత్రం గురించి ఆ మాట! అమ్మమ్మ కూడా ఆయన ముఖంలోకి చూసింది. ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశాడు. మర్నాడు కొట్టులో ఎదురుగా ఫ్యాను పెట్టుకుని కూడా చేతులు ఒళ్లోనే ఉంచుకున్నాడు.

భోజనానికి వచ్చినప్పుడు అమ్మమ్మ అంది, "ఏమండీ, ఈ కుట్టుమిషను రెండ్రోజులుగా అదోలా మోగుతోంది. ఒకసారి చూడరూ?"

పొద్దస్తమానం ఆ మిషను పక్కన కూర్చుని బొత్తాలు కుట్టేదాన్ని నేను. మోతా లేదు, పాడూ లేదు. ఆ మాట అనబోతుంటే అమ్మమ్మ నా కాలు తొక్కింది.

సాయంత్రానికి మిషను మిషనంతా పాతపేపర్ల మీద ఉంది. అమ్మమ్మ పక్కనే పీట వేసుకుని, ఊడిన స్క్రూలు డబ్బా మూతలో పోగేస్తోంది. తాత ప్రతి ముక్కా తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, పెదవి విరిచాడు.

"దీనికేం లేదే. నిక్షేపంలా ఉంది."

"విప్పి చూశారు కాబట్టి తెలిసింది," అంది అమ్మమ్మ.

సరిగ్గా అప్పుడే గౌను కోసం ఒకావిడ వచ్చింది. పొద్దున్నే ప్రయాణమట. గుమ్మంలో నిలబడి నేలమీది ఇనుమంతా చూసింది.

"గౌను ఇంకా కాలేదని చెబుదామనే అనుకున్నానమ్మా," అంది అమ్మమ్మ తడుముకోకుండా. "ఫోను రిపేరుకి వెళ్లింది."

ఆవిడ నావంక చూసింది. నేను తాతవంక చూశాను. పెదాల మధ్య స్క్రూ ఉంది కాబట్టి ఆయన నోటితో అబద్ధం ఆడే పని లేకపోయింది. గంభీరంగా తలూపాడు.