ఇద్దరు సురెట్‌లు

వెండెల్ జ్విక్కర్ పొద్దున లేవగానే, కాఫీ కూడా కాగకముందే, కంప్యూటర్‌లో ఒడెట్ సురెట్ పేరు కొట్టి చూస్తాడు. శాస్త్రవేత్తల వ్యాసాలను పేరు పేరునా పోగేసే సైటు ఒకటుంది. ఎవరెన్ని రాశారో, వాటిని ఎందరు పట్టించుకున్నారో అందులో తేలిపోతుంది. ముందు తన లెక్క చూసుకుంటాడు. అది నిన్న ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఆమెది పెరిగి ఉంటుంది.

"ప్రార్థన అయిందా?" అని వంటింట్లోంచి భార్య హిల్డా అడుగుతుంది. "ఇవాళ ఆవిడ ఎంత దూరం పోయింది?"

"ఆవిడతో నాకేం పని?" అంటాడు వెండెల్.

హాలిఫాక్స్ రేవు పక్కనున్న సముద్ర పరిశోధనాలయంలో అతను ఉద్యోగమంతా ఒకే పనిలో గడిపాడు. చలికాలంలో పైనున్న చల్లటి నీరు అడుగున ఉన్న ఉప్పునీటితో ఎలా కలుస్తుందో కొలవడం. ఓడ ఎక్కితే వాంతులు, అయినా ఎక్కాడు. వేళ్లు కొంకర్లు పోతున్నా నీటి సీసాలు పైకి లాగాడు. ఒక్కో వ్యాసానికి ఏళ్లు పట్టాయి.

ఒడెట్ వేరే దారిలో వచ్చింది. పబ్నికో అనే ఊళ్లో లాబ్‌స్టర్లు పట్టే అకాడియన్ల, అంటే ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ల, ఇంటి పిల్ల. చదువయ్యాక చాలాకాలం ఇంజన్లలో మంట ఎలా పాకుతుందో చూసింది. తర్వాత, గ్యాసులో మంట పాకినట్టే వసంతంలో నీళ్లలో పాచి పాకుతుందని, రెంటికీ లెక్క ఒకటేనని అంటూ సముద్రంలోకి దిగింది. మంట మీద రాయడం మాత్రం మానలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు మునగాలి కదా, ఈవిడ రెంటినీ నడుపుకుపోతోంది. వెండెల్‌కి కడుపు మండేది. ఆమె అతనికి ఏ అపకారమూ చేయలేదు. భోజనాల గదిలో చేపల సూప్ తాగుతూ తన బిస్కెట్లు కూడా అతని ముందుకు తోసేది. అదీ అతనికి గిట్టేది కాదు.

అంతలో విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. వెండెల్ ఆ కుర్చీ కోసం ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాడు. పోటీలో మిగిలింది ఒడెట్ ఒక్కతే. ఎంపిక చేయడానికి రాజధాని ఒటావా నుంచి వచ్చే పెద్దలు ముందుగా చూసేది ఆ సైటునే.

ఆ సైటులో ఒక వెసులుబాటుంది. ఒకే పేరున్న ఇద్దరి వ్యాసాలు కలిసిపోతే ఎవరైనా చెప్పవచ్చు, సైటువాళ్లు విడదీస్తారు. వెండెల్ పేరు చెప్పకుండా రాశాడు. ఇంజన్ మంటల మీద రాసే సురెట్ వేరు, సముద్రం మీద రాసే సురెట్ వేరు, పొరపాటున కలిపేశారని. వాళ్లు నమ్మేశారు. నిప్పూ నీళ్లూ ఒకే మనిషి రాస్తుందని ఎవరనుకుంటారు? కొన్నాళ్లకు ఒడెట్ లెక్క సగానికి పడి, వెండెల్ లెక్కకు కాస్త కిందికి దిగింది. ఆ పొద్దున అతను ఇంకో గుడ్డు అడిగి మరీ తిన్నాడు.

"ఏమిటీ, ఆవిడ గాని పోయిందా?" అంది హిల్డా.

"పోలేదు. తగ్గింది."

పెద్దలు వచ్చి వెళ్లిన మర్నాడు డైరెక్టర్ ఐసొబెల్ మెకాస్కిల్ అతన్ని పిలిచింది.

"కూర్చో వెండెల్. ఒడెట్‌కి ఇచ్చారు."

"లెక్క నాదే ఎక్కువ కదండీ."

"కాస్త ఎక్కువే. మొన్నటిదాకా ఒటావా పెద్దల మొగ్గు నీవైపే. సురెట్ సగం మంటలు, సగం నీళ్లు, ఆవిడ మనసెక్కడుందో తెలీదని గొణిగారు. ఇప్పుడు సైటు తీసి చూస్తే మంటలవి వేరే సురెట్‌వట, ఈవిడవన్నీ సముద్రపువే. వచ్చిన ఈ కొద్ది ఏళ్లలోనే నీ జీవితకాలం పనికి సరితూగింది. ఇంకేం అడ్డు చెప్తారు?"

"మంటలవీ ఆవిడవే" అన్నాడు వెండెల్, తట్టుకోలేక.

"నాకు తెలీదా? వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు."

అతను భోజనాల గదిలోకి వెళ్లేసరికి ఒడెట్ బిస్కెట్లు తోసింది.

"ఎవడో నన్ను రెండు ముక్కలు చేశాడు, చూశావా? పదవి వచ్చింది సరే, ఆ మంటలు కూడా నావేగా. కాస్త కలిపిపెట్టవూ? ఆ సైటు నీకు బాగా తెలుసటగా. రోజూ పొద్దున్నే నన్ను చూస్తావని హిల్డా చెప్పింది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. సరేనన్నాడు.

గదికి వెళ్లి, విడిపోయిన ఆ రెండో సురెట్ పేజీ మొదటిసారి తెరిచాడు. ఆ మనిషి భూమ్మీద పుట్టనే లేదు. అతను రాసిన ఒక్క ఉత్తరంతో పుట్టింది. ఆమె లెక్క అప్పుడే వెండెల్ లెక్కను దాటింది, సముద్రపు సురెట్‌ది కూడా రేపో మాపో దాటేలా ఉంది.

కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత, వీళ్లిద్దరూ ఒకరేనని, వెంటనే కలపమని, ఈసారి తన పేరు పెట్టే రాశాడు. ఇద్దరు సురెట్‌లతో వేగడం కంటే ఒక్కదానితో వేగడమే నయం.