లాజరు కుడిభుజం

లాజరు హమాలీ. బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ గోదాములో క్వింటాలు బస్తాను కుడిభుజానికెత్తుకుని, వాలుగా వేసిన పలక మీద నడిచి, పేర్చిన బస్తాల పైకెక్కేవాడు. ఆదివారం మాత్రం మెథడిస్టు గుడిలో నా పక్కన కూర్చుని హాయిగా కునికేవాడు. నేను దవాఖానాలో కట్లు కట్టే కాంపౌండరును.

పంతొమ్మిది వందల అరవై మూడులో చెరుకు సీజను మొదలైన రెండో వారం పలక మీద అతని కాలు జారింది. జారే బస్తాను కుడిచేత్తో పట్టి గుంజాడు. భుజంలో పటుక్కుమందట. భార్య శారమ్మ వెంటబెట్టుకొచ్చింది. డాక్టరమ్మ చూసి, ఎముక బాగానే ఉంది, కండరం కొంత చిరిగిందని చెప్పింది. మూడు వారాలు చెయ్యి మెడకు కట్టి ఉంచాలి, రుద్దకూడదు, బరువు ముట్టకూడదు, ఆ తర్వాత కొద్దికొద్దిగా ఆడించాలి. నేను కట్టు కట్టాను.

"మూడు వారాలా? టోలీల నా జాగ ఉంటదా అన్నా?" అన్నాడు లాజరు. టోలీ అంటే కలిసి బస్తాలు మోసే హమాలీల జట్టు.

"జాగ పోతే పోనీ. చెయ్యి పోతే ఏం జేస్తవ్?" అని కసిరాను. నా నోరు మంచిది కాదు. నిదానంగా చెప్పి ఉంటే వినేవాడేమోనని ఇప్పటికీ బాధే.

హమాలీల వైద్యం వేరు. భుజం పట్టేస్తే ఆ భుజం మీదే బస్తా వేస్తారు. బరువుకు కీలు దాని చోట అదే కూర్చుంటుందని వాళ్ల నమ్మకం. వట్టి పట్టుకు అది పనిచేస్తుందేమో గాని, చిరిగిన కండకు చావుదెబ్బ. టోలీ పెద్ద రాజారాం చెడ్డవాడు కాడు, ప్రేమతోనే వచ్చాడు. ఐదో రోజున వేడినూనెతో భుజం రుద్దించి, "ఒక్క బస్తా ఎత్తుకో లాజరూ. కీలు కూసుంటది, నీ జాగ నీకుంటది," అన్నాడు. నా కట్టు విప్పింది శారమ్మే.

ఒక బస్తా మోశాడు. రెండోదానితో పలక సగం ఎక్కేసరికి చెయ్యి వేలాడిపోయింది.

డాక్టరమ్మ ఈసారి చాలాసేపు చూసింది. కండరం పూర్తిగా తెగింది, ఇక ఆ చెయ్యి భుజం ఎత్తుకు లేవదని నాకు చెప్పింది. "మీ గుడి మనిషే కదా, నువ్వే నెమ్మదిగా చెప్పు," అంది. చెప్పలేకపోయాను. వారం తిరక్కుండానే టోలీలో వేరే మనిషి చేరాడు. శారమ్మ చెరుకు నరకడానికి పోసాగింది.

ఆ తర్వాతి సోమవారం లాజరు ఒక్కడే వచ్చి నా ముందు బల్ల మీద కూర్చున్నాడు.

"గిప్పుడు మూడు వారాలు గాదన్నా, మూడు నెలలైనా ఉంచుకుంట. మంచిగ కట్టు. ఎవ్వలు జెప్పినా ఇప్ప."

బట్ట మడిచి మెడ వెనక ముడివేశాను. ఎడమచేత్తో ముడి తడిమి చూసుకుని, "మళ్ల ఎప్పుడు రావాలె?" అని అడిగాడు.

వచ్చే సోమవారం రమ్మన్నాను.