శనివారానికీ మంగళవారానికీ మధ్య అరకు

మా ఇంట్లో కాఫీ తాగేవాళ్లు ఎవరూ లేరు. పొద్దున్నా సాయంత్రం టీయే. అయినా ముందుగదిలో గోడకు కొట్టించిన చెక్క అరల నిండా కాఫీ కప్పులే. ఒక్కోదాని మీద ఒక్కో ఊరు. మైసూరు ప్యాలెస్, కొచ్చిలో చైనా వలలు, డార్జిలింగ్ బొమ్మరైలు, జైపూర్ గులాబీ రంగు మేడ. జైసల్మేర్ కప్పుకి పిడి బదులు ఒంటె మెడ ఉంటుంది. తెచ్చిచ్చే లారీ డ్రైవర్లు వీటిని మగ్గులంటారు. మా ఇంట్లో మగ్గంటే స్నానాల గదిలోది, అందుకని మేం కప్పులనే అంటాం.

నేను పలాసలో లారీ కాటా దగ్గర పనిచేస్తాను. అంతకుముందు టెక్కలిలో గ్రానైట్ రాళ్ల లారీలు తూచేవాణ్ణి. ఇక్కడ జీడిపిక్కల బస్తాలు, జీడిపప్పు డబ్బాలు. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు కాటా మీదే వచ్చాయి. లారీ ఖాళీగా ఒకసారి ఎక్కుతుంది, సరుకుతో ఒకసారి ఎక్కుతుంది, రెండింటికీ తేడా సరుకు. ఒక డ్రైవరు బెంగుళూరులోనూ మైసూరులోనూ జీడిపప్పు దింపి తిరిగొస్తూ ప్యాలెస్ బొమ్మ కప్పు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పెన్నులు వేసుకోమన్నాడు. నేను ఇంటికి తెచ్చి అర మీద పెట్టాను. అది చూసి మరొకాయన, ఆయన్ని చూసి ఇంకొకాయన. అరలు అలా నిండాయి. వాటితో ఎవరూ ఏమీ తాగలేదు, మా బావ అడిగేదాకా.

బావ అంటే మా అక్క భర్త. వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలున్న రైతు. కొన్నేళ్ల కిందట కిడ్నీలు పాడయ్యాయి. ఇంటింటా ఈ జబ్బున్న మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎలా అని ఎవరూ అడగరు, ఏ ఏ వారాల్లో డయాలసిస్ అని అడుగుతారు. బావవి మంగళ, గురు, శని వారాలు. ముందురోజు సాయంత్రమే పలాస వచ్చి మా ఇంట్లో పడుకుని, తెల్లవారాక నాతో ఆసుపత్రికి బయల్దేరతాడు.

మొదటిరోజు నర్సు మాకు పొడి బరువు అనే మాట చెప్పింది. ఒంట్లో చేరిన నీరంతా తీసేశాక మిగిలే మనిషి బరువు. ఆమె ఇంకా వివరించబోతుంటే, ఖాళీ లారీ బరువు కదమ్మా, అన్నాను. మళ్లీ వచ్చేసరికి ఎంత పెరిగితే అంత నీరు. రెండున్నర కిలోలు దాటకూడదు. బావ మూడున్నరతో వచ్చేవాడు, ఒక్కోసారి నాలుగుతో. అంత నీటిని ఒక్క పూటలో లాగితే పిక్కలు పట్టేసి గిలగిల్లాడేవాడు. ఒకసారి మంచం మీదే స్పృహ తప్పింది. ఇలాగే సాగితే గుండె తట్టుకోదని డాక్టరు నన్నూ అక్కనూ పక్కకు పిలిచి చెప్పారు.

ఆయనకు రోజుకు ముప్పావు లీటరు. నీళ్లు, టీ, మజ్జిగ, చారు అన్నీ అందులోనే. అక్క ఒక స్టీలు గ్లాసు లోపల మేకుతో గీత గీసింది. ఆ గ్లాసు చూస్తే బావకు ఒళ్లు మండేది. తోటలో బోరు కింద దోసిలి పట్టి తాగిన మనిషి. అందరి ముందూ గీతవరకే తాగి, తర్వాత పెరట్లో కుండ దగ్గరికి వెళ్లేవాడు. తన చెట్ల కొబ్బరినీళ్లు కూడా ముట్టుకోకూడదు.

ఒక సోమవారం సాయంత్రం అరల ముందు నిలబడి, "ఇయ్యన్నీ సూడ్డానికేనా, తాగడానికి కూడా పనికొత్తాయేటి?" అని అడిగాడు. డార్జిలింగ్ కప్పు చూపించాడు. అన్నింట్లోకీ అదే పెద్దది. మా ఆవిడ కడిగి అందులో టీ పోసింది. రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు తాగాడు. ఆ పూట మళ్లీ నీళ్లు అడగలేదు.

నాకు అనుమానం వచ్చి, మర్నాడు జీడిపప్పు శాంపిళ్లు తూచే చిన్న కాటా తెచ్చి కప్పులన్నీ తూచాను. ఖాళీగా ఒకసారి, నీళ్లతో ఒకసారి. చూపుకు పెద్దదైన డార్జిలింగే అన్నింట్లోకీ తక్కువ పడుతుంది. దాని అడుగూ గోడలూ అంత మందం. బక్కగా కనిపించే కొచ్చి కప్పులో దానికి ఒకటిన్నర రెట్లు పడతాయి. తక్కువ పట్టేవన్నీ పై అరలోకి మార్చి, ఎందుకు మార్చానో బావకు చెప్పేశాను. దాచితే ఇదీ ఇంకొకరు గీసిన గీతే అవుతుంది.

"అంటే కప్పు నన్ను మోసం సేత్తన్నాదన్నమాట," అన్నాడు. "సెయ్యనీ. మీ అక్క గీత కన్నా నయం."

ఒకటి ఇంటికి కూడా పట్టుకెళ్లాడు. పెరిగే బరువు మూడున్నర నుంచి మూడుకు దిగింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇవాళ ఏ ఊరు అని అడిగేవాడు. అది ఎంత దూరం, రైలెక్కడ మారాలి, లారీకి ఎన్ని రోజులు. డ్రైవర్లు చెప్పినవే కాబట్టి అన్నీ చెప్పేవాణ్ణి. ఒకరోజు జైసల్మేర్ సంగతి చెబుతుంటే మధ్యలో ఆపాడు.

"నువ్వెల్లావేటి అక్కడికి?"

లేదన్నాను.

"మరి మైసూరు?"

అదీ లేదు. నిజానికి ఆ అరల మీదున్న ఊళ్లలో ఒక్కటీ నేను చూడలేదు. విశాఖపట్నం దాటి వెళ్లిన పని ఎప్పుడూ పడలేదు. బావ చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక ఒంటె మెడ పట్టుకుని కప్పును అటూ ఇటూ తిప్పాడు.

"నాను ఎల్లి ఒకటి తెత్తానురా. ఎవుడో తెచ్చిచ్చింది కాదు, నానే తెత్తాను. ఎక్కడికి ఎల్లి రాగలనో నువ్వు లెక్కగట్టు."

ఆ లెక్క నేను చాలా ఇష్టంగా వేశాను. వారంలో పెద్ద ఎడం శనివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం తెల్లవారేదాకా. రైళ్లు ఆలస్యమవుతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి సోమవారాన్ని పూర్తిగా పక్కన పెట్టాలి. అలా చూస్తే మైసూరు పోయింది, కొచ్చి పోయింది. అరల మీద లేకపోయినా, అందేంత దూరంలో అరకు ఉంది. శనివారం రాత్రికి విశాఖపట్నం, ఆదివారం పొద్దున కొండ రైలు, చీకటిపడ్డాక మళ్లీ విశాఖ. పైగా అక్కడ కాఫీ పండుతుంది.

కానీ పెద్ద ఎడం అంటే ఎక్కువ నీరు చేరే ఎడం కూడా. డాక్టరు వద్దనలేదు. వరసగా నెలరోజులు రెండున్నర దాటకుండా వస్తే వెళ్లిరమ్మన్నారు. మూడో వారంలో కాటా మూడు చూపించింది. బావ కాటా దిగి మంచమెక్కాడు. నెల మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాం. ఈసారి పెరట్లో కుండను తనే బోర్లించాడట, అక్క ఫోన్లో చెప్పింది. ఆ నెల దాటింది. అక్క ఎంతకీ ఒప్పుకోలేదు, ఒప్పుకున్నాక నాకొక్క మాటే చెప్పింది. "నీళ్లడిగితే ఇవ్వకు. ఏడిసినా ఇవ్వకు."

ఏడవలేదు. ఆదివారం పొద్దున్నుంచీ రైల్లో తడిగుడ్డతో పెదాలు అద్దుకుంటూ కూర్చున్నాడు. కాఫీ కోసం దాస్తున్నానన్నాడు. నేను సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అటు చూడు లోయ అని బావ నా భుజం కుదిపేసరికి లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు.

అరకులో కాఫీ పొడి అమ్మే ఒక దుకాణంలో కప్పులు వరసగా పేర్చి ఉన్నాయి. కొండలు, కాఫీ పళ్లు, థింసా ఆడే ఆడవాళ్లు. బావ ఒక్కొక్కటీ చేతిలో బరువు చూస్తూ, లోపలికి వేలు పెట్టి అడుగు తడుముతూ చాలాసేపు ఎంచాడు. దుకాణంలో అమ్మాయి ఓపికగా చూసి, అది తీసుకోండి, ఎక్కువ పడుతుంది, అంది.

"తక్కువ పట్టేదే కావాలమ్మా," అన్నాడు. "పెద్దగా కనబడాల, తక్కువ పట్టాల."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను తలూపాను. ఆయన ఎంచుకున్నదాన్ని కడిగి అందులోనే కాఫీ పోసిచ్చింది. బయట బల్ల మీద కూర్చుని ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"సేదుగున్నాదిరా. అయినా ఒగ్గను." చివరి చుక్కదాకా తాగాడు.

సోమవారం తిరుగు రైలు నేను అనుకున్నట్టే ఆగి ఆగి నడిచింది. పెట్టెలో ఉక్క. ఎదురుగా ఉన్న కుటుంబం మజ్జిగ ప్యాకెట్లు కొనుక్కుని మాకూ రెండు ఇవ్వబోయారు. ఆ రోజు వాటా అప్పటికి కొంచెమే మిగిలింది. బావ ప్యాకెట్ అందుకుని ఒకసారి చెంపకు ఆనించుకుని, తిరిగి వాళ్ల పిల్ల చేతిలో పెట్టేశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు కానీ నిద్రపోలేదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక తనకు మిగిలింది అడిగాడు. అరకు కప్పులోనే పోసిచ్చాను. అడుగు కూడా సరిగ్గా మునగలేదు. పలాస వచ్చేదాకా దాన్నే తాగాడు.

మంగళవారం కాటా ఎక్కేటప్పుడు చెప్పులు విప్పాడు, తువ్వాలు తీసి నాకిచ్చాడు, జేబులో చిల్లర కూడా ఇచ్చాడు. నర్సు చూసి, పొడి బరువు తీసేసి, రెండు కిలోల నాలుగు వందలు అంది. బావ ఆమె మాట నమ్మకుండా నా వైపు చూశాడు. నేను కూడా తీసివేసి చూసి, సరిపోయింది బావా, అన్నాను. అప్పుడు దిగాడు. ఆ పూట పిక్కలు పట్టలేదు.

అప్పటికే పై అరలో డార్జిలింగ్‌నూ జైపూర్‌నూ జరిపి, మధ్యలో అరకుకి చోటు చేసి ఉంచాను. బావ ఇంటికి వచ్చి ఆ చోటు చూశాడు. సంచిలోంచి కప్పు తీసి, ఒక నిమిషం అక్కడ పెట్టి, మళ్లీ తీసేసుకున్నాడు.

"ఇక్కడెడితే నీ లెక్కలో కలిసిపోద్ది," అన్నాడు.

ఇప్పుడది ఆయన దుప్పటి సంచిలోనే ఉంటుంది. మంగళ, గురు, శని వారాల్లో మంచం పక్కన బల్ల మీద పెట్టుకుంటాడు. పక్క మంచాలవాళ్లు చేతిలోకి తీసుకుని చూసి, ఎక్కడిదని అడుగుతారు. కొనుక్కోడానికి తనే వెళ్లానని చెబుతాడు. కాఫీ సేదని కూడా చెబుతాడు. మా అరలో ఆ చోటు అలాగే ఉంది.